అమ్మకి గుండె సంగతి తెలుగులో ఎలా చెప్పాలి? (అళిందం, నిలయం, కబాటం)

గుణుపురం_గుమస్తా | ఆదివారం రాత్రి 9.12

అందరికీ నమస్కారం. గుణుపురంలో ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తుంటాను. ఇంట్లో తెలుగు, చదివింది ఒడియా మీడియం, మిల్లులో రెండూ కలిపి లాగించేస్తాం. మా అమ్మకి 52 ఏళ్లు. రెండేళ్లుగా మెట్లెక్కితే ఆయాసం. కాస్త ఒళ్లు చేసింది కదా, అందుకే అనుకున్నాం. ఈ వానాకాలం నుంచి రాత్రి వెల్లకిలా పడుకోలేకపోతోంది. నడిరాత్రి లేచి గోడకి జారబడి కూర్చుంటోంది. మొన్న బరంపురం తీసుకెళ్లి ఎకో (గుండె స్కానింగు) తీయించాం.

డాక్టరు గారు ఓపిగ్గానే చెప్పారు, కానీ ఒడియాలో. ఎడమ అళిందానికీ ఎడమ నిలయానికీ మధ్య కబాటం సన్నబడిందట. బెలూన్ పెట్టి వెడల్పు చెయ్యాలట. దానికి ముందు గొంతులోంచి గొట్టం వేసి ఇంకో ఎకో తియ్యాలట. అళిందం, నిలయం నేను బడిలో బట్టీ కొట్టిన మాటలే. అమ్మకి ఒడియా సంతలో బేరమాడేంత వచ్చు. కబాటం అన్న మాట ఒక్కటీ పట్టుకుంది, తలుపు అని. తిరుగు బస్సులో అడిగింది: "గుండెలో తలుపేంట్రా? ఉంటే ఉంది గానీ, ఎవరు మూశారు?"

నా దగ్గర జవాబు లేదు. తెలుగులో ఆ గదుల పేర్లు కూడా నాకు తెలియవు. రిపోర్టులో మైట్రల్ స్టెనోసిస్ అనీ, వాల్వు ఏరియా 1.1 చదరపు సెంటీమీటర్లు అనీ ఉంది. గుండెకి జబ్బయితే గొంతులో గొట్టం ఎందుకు? గుండె ఇబ్బందిలో ఉంటే దాన్ని ఇంకా నెమ్మది చేసే మాత్ర ఎందుకిచ్చారు? చికిత్స సలహా అడగట్లేదు, అది డాక్టరు గారు చూసుకుంటారు. అమ్మకి అర్థమయ్యేలా చెప్పడం కావాలి.

పర్లాకిమిడి_మాస్టారు | ఆదివారం రాత్రి 9.47

బాబూ, ముందు మాటల సంగతి తేల్చేద్దాం. నేను 31 ఏళ్లు పిల్లలకి జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మన తెలుగు పుస్తకాల్లో గుండె పై గదులు రెండూ కర్ణికలు, కింది గదులు రెండూ జఠరికలు. కర్ణిక అన్నది చెవిని బట్టి వచ్చిన మాట. పై గదికి పక్కన నిజంగానే చెవి తమ్మెలాంటి చిన్న సంచి ఒకటి అంటుకుని ఉంటుంది. జఠరం అంటే పొట్ట. ఈ పేర్లు పరీక్ష దాటాక ఎవరికీ గుర్తుండవు, నా శిష్యులతో సహా.

మీ డాక్టరు గారి మాటలు మీ అమ్మగారికి ఇంకా దగ్గర. మీరే గమనించలేదు. అళిందం అంటే వాకిలి ముందు అరుగు. నిలయం అంటే ఇల్లు. అరుగు, ఇల్లు, మధ్యలో తలుపు. ఇంతే గుండె. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తం ముందు అరుగు మీద కూర్చుంటుంది, తలుపు తీయగానే ఇంట్లోకి పోతుంది. ఇల్లు ఒక్క బిగింపు బిగిస్తే పెరటి గుమ్మం గుండా బృహద్ధమని అనే పెద్ద రక్తనాళంలోకి, అక్కడి నుంచి ఒళ్లంతా. బిగించినప్పుడు వీధి తలుపు మూసుకుంటుంది కాబట్టి రక్తం వచ్చిన దారిన వెనక్కి రాదు.

ఇలాంటి ఇళ్లు రెండు, గోడకి గోడ ఆనించి. కుడి ఇల్లు ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకి పంపుతుంది. ఎడమ ఇల్లు అక్కడి నుంచి వచ్చినదాన్ని ఒంటికి పంపుతుంది. మొత్తం తలుపులు నాలుగు. రెండిళ్ల మధ్య ఉమ్మడి గోడ, పుట్టాక ఆ గోడకి తలుపు ఉండదు. "పుట్టాక" అన్నది గుర్తుంచుకోండి, దానితో తర్వాత పని ఉంది.

సిరొంచ_గోదారి | ఆదివారం రాత్రి 10.05

మాస్టారూ మంచిగ చెప్పిండ్రు. మా అన్నకు కూడా ఇదే వాల్వు, మేం వరంగల్ తీసుకపోయినం. ఒకటి అడుగుతా. గుండె ఎడమ దిక్కు కదా ఉండేది? మరి కుడి గుండె అంటే కుడి దిక్కు ఇంకోటి ఉన్నట్టా?

బరంపురం_థర్డ్‌ఇయర్ | ఆదివారం రాత్రి 10.21

అన్నా, గుండె ఒకటే. రొమ్ము ఎముక వెనక, రెండు ఊపిరితిత్తుల మధ్య ఉంటుంది. పిడికిలంత సైజు, పెద్దవాళ్లలో 300 గ్రాములు అటూ ఇటూ. కింది మొన ఎడమకి వాలి ఉంటుంది, అది ఛాతీ గోడకి కొట్టుకుంటుంది కాబట్టి చెయ్యి అక్కడ పెడతాం. అందుకే ఎడమ అనిపిస్తుంది.

అసలు గుండె లోపల కుడి, ఎడమ అనే పేర్లే కాస్త తికమక. బొమ్మలో పక్కపక్కన గీస్తారు గానీ, మనిషిలో అది మెలితిరిగి ఉంటుంది. కుడి జఠరిక ముందుకి, రొమ్ము ఎముక వైపు వస్తుంది. ఎడమ కర్ణిక అన్నిటికంటే వెనక్కి, వెన్ను వైపు పోతుంది. గుమస్తా గారూ, మీ గొంతు గొట్టం జవాబు ఇక్కడే ఉంది. ఎడమ కర్ణికకి సరిగ్గా వెనకే ఆనుకుని అన్నం దిగే గొట్టం, అంటే ఆహారనాళం. ఛాతీ మీంచి చూస్తే ఎముకలూ ఊపిరితిత్తుల గాలీ అడ్డం. ఆహారనాళంలోంచి చూస్తే ఆ గది పెరటి కిటికీలోంచి చూసినట్టు కనిపిస్తుంది.

గుణుపురం_గుమస్తా | ఆదివారం రాత్రి 10.30

పెరటి కిటికీ! ఇది అమ్మకి చెప్పగలను. కానీ అంత దగ్గర నుంచి చూడాల్సింది ఏముందక్కడ?

బరంపురం_థర్డ్‌ఇయర్ | ఆదివారం రాత్రి 10.34

రక్తం గడ్డ. రేపు రాస్తాను, వార్డు డ్యూటీ ఉంది.

రాయగడ_మోటార్లు | సోమవారం ఉదయం 7.10

నేను పంపుసెట్లు బాగు చేస్తాను, రాయగడ చుట్టుపక్కల నాగావళి ఒడ్డు రైతులకి. మాస్టారు తలుపులు అంటున్నారు, మా భాషలో అవి ఫుట్ వాల్వులు. నీళ్లు పైకి వెళ్తాయి, వెనక్కి జారవు. అంతవరకు ఒప్పుకుంటాను. నా డౌటు వేరు. కుడి పంపూ ఎడమ పంపూ ఒకే లైను మీద ఉన్నాయి, ఒకదాని నీళ్లు ఇంకోదానికి పోతున్నాయి. అప్పుడు రెండూ ఒకే హార్స్‌పవర్ ఉండాలి కదా? ఒకటి ఎక్కువైతే లైను పగిలిపోదా?

పర్లాకిమిడి_మాస్టారు | సోమవారం ఉదయం 8.02

శభాష్. 31 ఏళ్లలో ఏ పిల్లాడూ అడగలేదు ఇది.

బరంపురం_థర్డ్‌ఇయర్ | సోమవారం మధ్యాహ్నం 1.40

మోటార్ల అన్నా, రెండు పంపులూ తోడే నీళ్లు ఒకటే. ఒక్కో దెబ్బకి దాదాపు 70 మిల్లీలీటర్లు, చిన్న టీ గ్లాసుడు. నిమిషానికి 72 దెబ్బలు అనుకుంటే 5 లీటర్లు. రోజుకి 7,200 లీటర్లు, అంటే మేడ మీద పెట్టే వెయ్యి లీటర్ల ట్యాంకులు ఏడు నిండి ఇంకా మిగులుతుంది. దెబ్బలు రోజుకి లక్ష దాటుతాయి.

తేడా హెడ్డులో, అంటే ఎంత ఎత్తుకి తోస్తుందన్నదాంట్లో ఉంది, మీ పంపుల వాళ్లు వాడే మాటే. ఎడమ జఠరిక పాదరసం లెక్కలో 120 మిల్లీమీటర్ల ఒత్తిడి పుట్టిస్తుంది. నీళ్లలో చెబితే అయిదడుగులకి పైన హెడ్డు. తలకీ కాలి బొటనవేలికీ అందాలి కదా. కుడి జఠరిక పుట్టించేది 25 మాత్రమే, నీళ్లలో అడుగు చిల్లర. ఊపిరితిత్తులు పక్కనే ఉన్నాయి, అక్కడి రక్తనాళాలు దారాలకంటే సన్నం. అక్కడ ఒత్తిడి పెరిగితే మీరన్నట్టు లైను పగలకపోయినా చెమరుస్తుంది, నీరు ఊపిరితిత్తుల్లోకి ఊరుతుంది. అందుకే కుడి గోడ 3, 4 మిల్లీమీటర్లే, ఎడమ గోడ దాదాపు 10.

నాగావళి_సిస్టరు | సోమవారం సాయంత్రం 6.55

స్టాఫ్ నర్సుని, రాయగడ. డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. థర్డ్ ఇయర్ బాబు నీరు ఊరుతుంది అన్నాడు చూశారా, గుమస్తా గారి అమ్మగారి ఆయాసం అదే.

మా వైపు గెడ్డలకి అడ్డుకట్ట వేస్తే ఏమవుతుంది? కింద పొలాలు ఎండుతాయి, పైన పొలాలు మునుగుతాయి. మైట్రల్ అంటే ఎడమ అరుగుకీ ఎడమ ఇంటికీ మధ్య తలుపు. అది మామూలుగా తెరుచుకుంటే 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల సందు ఉండాలి. అమ్మగారికి 1.1. అంటే మన చిటికెన వేలు కూడా కష్టం మీద దూరే సందు. 1.5 కంటే తగ్గితేనే తీవ్రం కింద లెక్క. ఇంట్లోకి పోవాల్సిన రక్తం అరుగు మీదే కిక్కిరిసిపోతుంది. అరుగు ఉబ్బుతుంది. దాని వెనకున్న ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి చెమ్మ చేరుతుంది. పడుకుంటే కాళ్లలోని రక్తం కూడా ఛాతీ వైపు వచ్చి చేరుతుంది, అందుకే నడిరాత్రి లేచి కూర్చోవడం. తలగడలు ఎన్ని వేసుకుంటున్నారని మేం అడిగేది ఇందుకే. సరదాకి కాదు.

ఇంకో మాట. ఈ జబ్బులో గుండె కండరం మొదట్లో బాగానే ఉంటుంది. ఎడమ ఇల్లు గట్టిగానే ఉంది, దానికి సరుకు అందట్లేదు, అంతే. అమ్మగారికి ఇది తప్పకుండా చెప్పండి. "నా గుండె చెడిపోయింది" అని కుమిలిపోతారు ఆడవాళ్లు.

కాశీనగర్_కుర్రాడు | సోమవారం రాత్రి 8.20

ఫ్రెండ్స్, పరగడుపున వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, తేనె కలిపి 40 రోజులు తాగితే గుండెలో బ్లాకులన్నీ ఓపెన్ అవుతాయి. మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ట్రై చేయండి.

నాగావళి_సిస్టరు | సోమవారం రాత్రి 8.26

బాబూ, బ్లాకు వేరు, వాల్వు వేరు. బ్లాకు అనేది గుండె మీద పాకే సన్న రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం, గుండెపోటు దాని వల్ల. ఇది తలుపు రెక్కలు అతుక్కుపోవడం. వెల్లుల్లి రెంటినీ తెరవదు. పప్పులో వేసుకో, బాగుంటుంది.

నిర్వాహకుడు | సోమవారం రాత్రి 8.41

ఫార్వర్డులు ఇక్కడ పెట్టొద్దని నియమాల్లో ఉంది. ఈసారికి వదిలేస్తున్నాను, సిస్టరు గారి జవాబు ఉంది కాబట్టి.

రాయగడ_మోటార్లు | సోమవారం రాత్రి 9.03

అసలు ఆ బ్లాకులొచ్చే నాళాలు దేనికి? గుండె నిండా రక్తమే ఉంది కదా. నూనె ట్యాంకులో కూర్చున్న మోటారుకి మళ్లీ నూనె లైను ఏంటి?

పర్లాకిమిడి_మాస్టారు | సోమవారం రాత్రి 9.30

మిఠాయి దుకాణంలో కూర్చున్నవాడు వాసనతో కడుపు నింపుకోలేడు కదా నాయనా. లోపల పారే రక్తం దళసరి గోడ లోతుకి ఇంకదు. అందుకని బృహద్ధమని మొదలవగానే, పెరటి గుమ్మం దాటీ దాటగానే, రెండు కొమ్మలు చీలి గుండె మీదికే తిరిగొస్తాయి. ఊరందరికంటే ముందు తన వాటా తాను తీసుకుంటుంది. అవే హృదయ ధమనులు. ఇంకో చిత్రం, ఎడమ గోడ బిగిసినప్పుడు ఆ నాళాలు నలుగుతాయి. కాబట్టి గోడ సడలినప్పుడే ఎక్కువగా దానికి రక్తం అందుతుంది. గుండె అన్నం తినేది విశ్రాంతిలోనే అన్నమాట.

ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం అని బట్టీ పట్టిన వాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. చెరిపేయండి. గుండె నుంచి బయటికి పోయేది ధమని, గుండెకి వచ్చేది సిర. ఊపిరితిత్తులకి పోయే పుపుస ధమనిలో ఉండేది ఆక్సిజన్ తగ్గిన రక్తమే. "చెడు" అన్న మాటే తప్పు. ఒళ్లంతా తిరిగొచ్చినా అందులో ఆక్సిజన్ ముప్పాతిక వంతు మిగిలే ఉంటుంది.

సిరొంచ_గోదారి | సోమవారం రాత్రి 10.12

మా అన్న కథ చెప్తా. ఆయన వాల్వు గట్టిపడి సున్నం పట్టింది, బెలూన్ పనిచెయ్యదన్నరు. తీసేసి లోహంది పెట్టిండ్రు. తిరువనంతపురంల శ్రీ చిత్ర సంస్థల తయారైన డిజైన్ అట, మన దేశంల చేసింది. రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే ఆయన ఛాతీల నుంచి టిక్కు టిక్కు వినపడ్తది. మొదట్ల వదినకు నిద్ర పట్టకపోయేది. ఇప్పుడు ఆ చప్పుడు లేకపోతేనే నిద్ర పట్టదట. రక్తం గడ్డ కట్టకుండ మాత్ర మాత్రం జీవితాంతం. ఆకుకూరలు ఒక రోజు గంపెడు, ఒక రోజు సున్నా, అట్ల తినొద్దన్నరు. రోజూ ఒకటే తీరు ఉండాలె.

నాగావళి_సిస్టరు | సోమవారం రాత్రి 10.20

సరిగ్గా చెప్పారన్నా. మామూలు గుండెలోనూ మనం వినేది తలుపుల చప్పుడే. లబ్ అన్నది అరుగుకీ ఇంటికీ మధ్య రెండు తలుపులు మూసుకోవడం, డబ్ అన్నది పెరటి గుమ్మాలు రెండూ మూసుకోవడం. అమ్మగారి ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే డబ్ తర్వాత సన్నగా గుడగుడమని ఒక చప్పుడు రావాలి, ఇరుకు సందులోంచి రక్తం తోసుకుపోయే చప్పుడు. 1816లో పారిస్‌లో లాయెనెక్ అనే డాక్టరు కాగితం గొట్టంగా చుట్టి రోగి ఛాతీ మీద పెట్టి విన్నాడు, అక్కడ మొదలైంది ఈ స్టెతస్కోపు. ఎకో మిషన్లు వచ్చినా నాకు ఇప్పటికీ చెవి మీదే నమ్మకం. పాత నర్సుని, ఏమనుకోకండి.

బరంపురం_థర్డ్‌ఇయర్ | మంగళవారం రాత్రి 9.15

బాకీ పడ్డ జవాబులు రాస్తున్నాను, కాస్త పొడుగు.

మొదటిది, నెమ్మది చేసే మాత్ర. నిమిషానికి 72 దెబ్బలంటే ఒక్కో దెబ్బకి 0.8 సెకను. అందులో ఇల్లు బిగిసేది 0.3 సెకను, సడలి ఉండేది 0.5. అరుగు మీంచి ఇంట్లోకి రక్తం దిగేది ఆ 0.5 సెకనులోనే. గుండె వేగం పెరిగితే బిగిసే సమయం పెద్దగా తగ్గదు, సడలే సమయమే కోసుకుపోతుంది. 120 దెబ్బలకి అది దాదాపు సగమైపోతుంది. సందే ఇరుకు, పైగా తలుపు తీసి ఉంచే సమయమూ సగం. పరిగెడితే, కంగారు పడితే, జ్వరం వస్తే ఆయాసం ముంచుకొచ్చేది అందుకే. మాత్ర గుండెని నీరసపరచడానికి కాదు, తలుపు ఇంకొంచెం సేపు తెరిచి ఉంచడానికి.

రెండోది, గడ్డ. గుండెకి కరెంటు బయటి నుంచి రాదు, మోటార్ల అన్న అడగబోయే ప్రశ్న ఇదేనని తెలుసు. కుడి కర్ణిక పైభాగంలో చిన్న కణాల ముద్ద ఉంది, అది తనంతట తాను మీటుతుంది. 1907లో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు దాన్ని గుర్తించారు. ఆ కరెంటు ముందు అరుగులకి పాకుతుంది. ఇళ్లకి దిగే ముందు మధ్యలో ఒక చోట సెకనులో పదో వంతు ఆగుతుంది. జపాన్ నుంచి జర్మనీ వెళ్లి చదువుకున్న తవారా 1906లో ఆ చోటు గురించి రాశాడు. ఆ ఆగడం ఎందుకంటే, అరుగు బిగిసి తన వంతు రక్తం దింపాకే ఇల్లు బిగియాలి.

ఏళ్ల తరబడి ఉబ్బిన అరుగులో ఈ కరెంటు చెదిరిపోతుంది. లయ తప్పి అరుగు వణుకుతుంది, బిగియదు. మాస్టారు చెప్పిన చెవి తమ్మె సంచి ఉంది కదా, ఎడమదాంట్లో రక్తం కదలకుండా నిలిచి గడ్డ కడుతుంది. నిలిచిన పాలు పెరుగైనట్టు. ఆ గడ్డ ఊడి మెదడుకి పోతే పక్షవాతం. బెలూన్ పెట్టేటప్పుడు తీగ ఆ గదిలోకే వెళ్తుంది, గడ్డ ఉంటే కదిలిపోతుంది. గొంతులోంచి వెతికేది దాన్నే.

రాయగడ_మోటార్లు | మంగళవారం రాత్రి 9.22

అడగబోయాను, నిజమే. మటన్ కొట్టులో కోసి పెట్టిన గుండెకాయ కాసేపు దానంతట అది అదరడం చూశాను. లైను తీసేసినా తిరిగే మోటారు. ఇప్పుడు అర్థమైంది.

గుణుపురం_గుమస్తా | మంగళవారం రాత్రి 9.40

ఎడమ అరుగులోకి తీగ ఎలా వెళ్తుంది? డాక్టరు గారు కుడి తొడ దగ్గర సూది అన్నారు. నేను తప్పు విన్నానేమో అనుకున్నాను.

పర్లాకిమిడి_మాస్టారు | మంగళవారం రాత్రి 10.10

తప్పు వినలేదు. "పుట్టాక" అన్న మాట గుర్తుంచుకోమన్నాను కదా. ఇప్పుడు వినండి.

తొడలోని పెద్ద సిర పట్టుకుని పైకి పోతే చేరేది కుడి అరుగు. మనకి కావలసింది ఎడమ అరుగు. మధ్యలో ఉమ్మడి గోడ. మీ అమ్మగారు వాళ్లమ్మ కడుపులో ఉన్నప్పుడు ఆ గోడకి తలుపు ఉండేది. మనందరికీ ఉండేది. కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు, ఆక్సిజన్ మాయ నుంచి వస్తుంది. అందుకని రక్తం ఊపిరితిత్తుల చుట్టూ తిరగక్కర్లేకుండా కుడి అరుగు నుంచి ఎడమ అరుగుకి అడ్డదారి. బిడ్డ కేర్‌మని మొదటి ఊపిరి తీయగానే ఊపిరితిత్తులు తెరుచుకుని, అటు నుంచి రక్తం ఎడమ అరుగుకి పొంగి, ఆ ఒత్తిడికి తలుపు రెక్క గోడకి ఆనుకుపోతుంది. తర్వాత అతుక్కుపోతుంది. నలుగురిలో ఒకరికి పూర్తిగా అతుక్కోదు, దాంతో సాధారణంగా ఇబ్బందీ ఉండదు. అతుక్కున్న చోట బొటనవేలు నొక్కినట్టు చిన్న గుంట మిగులుతుంది, గోడలో అదే పలచన.

డాక్టర్లు సూది గుచ్చేది ఆ గుంటలోనే. 52 ఏళ్ల కిందట మూసిన తలుపు దగ్గర కాస్త సందు చేసుకుని ఎడమ అరుగులోకి పోయి, ఇరుకైన వాల్వులో బెలూన్ ఉబ్బిస్తారు. జపాన్ డాక్టరు ఇనోవే తయారుచేసిన పద్ధతి, 1984లో లోకానికి తెలిసింది. ఆ బెలూన్ ముందు ఒక కొస ఉబ్బి, తర్వాత రెండో కొస ఉబ్బుతుంది, నడుం సన్నగా ఉంటుంది. అచ్చం ఢమరుకం. నడుం వాల్వులో కూర్చున్నాక చివరికి నడుమూ ఉబ్బి, అతుక్కున్న రెక్కల అంచులు విడిపోతాయి. ఛాతీ కొయ్యక్కర్లేదు.

ఆదివారం మటన్ కొట్టుకి వెళ్లండి. గుండెకాయ గాట్లు పెట్టకుండా ఇమ్మని అడగండి, పైన గొట్టాలతో సహా. మేకదీ మన గుండె లాగే నాలుగు గదులు. బృహద్ధమనిలో చెంబుతో నీళ్లు పొయ్యండి, మూడు జేబులు నిండి ఠక్కున మూసుకుంటాయి, చుక్క కిందకి దిగదు. తర్వాత ఎడమ పక్క కోసి చూడండి, మైట్రల్ తలుపు రెక్కలకి తెల్లని దారాలు కట్టి ఉంటాయి, కింద కండరపు గుంజలకి. గాలికి గొడుగు తిరగబడకుండా ఊచలు పట్టినట్టు, ఇల్లు బిగిసినప్పుడు రెక్కలు అరుగు వైపు తిరగబడకుండా పట్టుకునేవి అవి.

సిరొంచ_గోదారి | మంగళవారం రాత్రి 10.31

మాస్టారూ, మీ బళ్లె చదివే అదృష్టం లేకపాయె.

నాగావళి_సిస్టరు | బుధవారం ఉదయం 6.30

నైట్ డ్యూటీ అయింది, ఒక్క ముక్క రాసి పడుకుంటాను. అమ్మగారి ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. ఎవరు మూశారు?

మన దేశంలో ఈ వాల్వు ఇలా అతుక్కోవడానికి పెద్ద కారణం చిన్నప్పటి గొంతు నొప్పి. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి గొంతులో చేరుతుంది, 5 నుంచి 15 ఏళ్ల వయసులో ఎక్కువ. దాని మీద ఒళ్లు తయారుచేసుకున్న ఆయుధాలు పొరపాటున సొంత కీళ్ల మీద, గుండె మీద పడతాయి. రెండు మూడు వారాల తర్వాత జ్వరం, ఇవాళ మోకాలు వాచి రేపు చీలమండ వాచి, తర్వాత అన్నీ తగ్గిపోతాయి. కీళ్లని నాకి గుండెని కరుస్తుంది అని డాక్టర్లలో పాత మాట. తలుపు రెక్కలు ఏళ్ల తరబడి మెల్లగా దళసరెక్కి, అంచులు అతుక్కుంటాయి. మళ్లీ మళ్లీ రాకుండా 3, 4 వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తుంటాం, అది ఏళ్ల తరబడి. చాలామంది పిల్లలు నొప్పికి భయపడి మధ్యలో మానేస్తారు, వాళ్లని ఊళ్లలో వెతికి పట్టుకోవడం మా పని.

అమ్మగారిని అడగండి, చిన్నప్పుడు కీళ్లు వాచాయేమో.

గుణుపురం_గుమస్తా | ఆదివారం మధ్యాహ్నం 2.50

గుండెకాయ తెచ్చాను. కొట్టువాడు వింతగా చూశాడు, గాట్లు వద్దన్నందుకు. అమ్మకి చూపించాలా వద్దా అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను, భయపడుతుందేమోనని. పెరట్లో పీట వేసుకుని మాస్టారు చెప్పినట్టు నీళ్లు పోస్తుంటే తనే వచ్చి పక్కన కూర్చుంది. జేబులు మూసుకున్నాయి, నీళ్లు నిలిచాయి. ఇంకోసారి పొయ్యమంది.

తర్వాత ఎడమ పక్క కోశాను. దారాలు కనపడగానే నేను మొదలుపెట్టాను, అమ్మా ఇవి చూశావా అని. అమ్మ నవ్వింది. "ఇవా? పెళ్లైన కాడి నుంచి తీసి పారేస్తున్నాను. నమలడానికి రావు." గోడ చూపిస్తే, "ఆ పక్కది దళసరి, ఉడకడానికి ఇంకో రెండు విజిల్స్ పడతాయి" అంది. ఏడు రోజులు నేను మీ దగ్గర నేర్చుకున్నదంతా ఆవిడ చేతులకి ముప్పై ఏళ్లుగా తెలుసు. పేర్లు తెలియవు, అంతే.

అప్పుడు అరుగు, ఇల్లు, అతుక్కున్న రెక్కలు చెప్పాను. గోడలో పాత తలుపు సంగతి చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "మా అమ్మ కడుపులో ఉన్నప్పటిదా" అని మాత్రం అడిగింది. గొంతు గొట్టానికి ఒప్పుకుంది. సిస్టరు గారు చెప్పినట్టే కీళ్ల గురించి అడిగాను. పదేళ్ల వయసులో కాశీనగర్‌లో ఉండేవారట, మోకాళ్లు వాచి నెల రోజులు బడి మానేసిందట. పసరు పట్టీలు వేశారు, తగ్గిపోయింది.

ఇదంతా విని తన గురించి ఒక్క ముక్క అడగలేదు. మా అమ్మాయికి ఏడేళ్లు, నాలుగు రోజులుగా గొంతు నొప్పి, జ్వరం. ఐస్‌క్రీం తిన్నది కదా, తగ్గిపోతుందని నేనే ఊరుకున్నాను. "నన్ను తర్వాత చూద్దువు గాని, ముందు దాన్ని తీసుకెళ్లి చూపించు" అని కూర్చుంది.

నాగావళి_సిస్టరు | ఆదివారం మధ్యాహ్నం 3.15

ప్రతి గొంతు నొప్పీ అది కాదు, పిల్లల్లో ఎక్కువ భాగం మామూలు వైరస్సే. కంగారు పడొద్దు. కానీ నాలుగు రోజులు, జ్వరంతో అంటున్నారు కాబట్టి రేపు చూపించండి. నోరు తెరిపించి టార్చి వేసి చూడమనండి, మెడ కింద బిళ్లలు కట్టాయేమో చూడమనండి. అమ్మగారికి ఉన్నదీ చెప్పండి. యాంటీబయాటిక్ రాస్తే ఎన్ని రోజులకి రాస్తే అన్ని రోజులూ వెయ్యండి, మూడో రోజుకి తగ్గిందని ఆపకండి.

గుణుపురం_గుమస్తా | ఆదివారం మధ్యాహ్నం 3.22

సరే సిస్టరు గారూ. పొద్దున్నే వెళ్తున్నాం. అమ్మ కూడా వస్తానంటోంది. అక్కడ మెట్లు లేవని చెప్పాను.